తెల్లకణాలు పడిపోయిన వారంలో కోత పండుగ

మా ముత్తాత కొల్లేరు లంక గ్రామాలకు మొట్టమొదటి ఉపదేశి. రోడ్లు లేని కాలంలో దోనె మీద ఊరూరా తిరిగి అక్షరాలూ వాక్యమూ రెండూ చెప్పినవాడు. కలరా తగిలిన ఇంటి గడప ఎవరూ తొక్కని రోజుల్లో ఆయన లోపలికి వెళ్ళి, రోగి తల ఒళ్ళో పెట్టుకుని గంజి తాగించేవాడని పక్క ఊళ్ళవాళ్ళు కూడా చెబుతారు. మా తాత ఏలూరులో మిషన్ బోర్డింగ్ బడికి హెడ్‌మాస్టరు. సెలవులకు వచ్చి ఆయన మా వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు, ఏ కులంవాళ్ళైనా సరే. మా నాన్న సంఘానికి కార్యదర్శి, ఊరికి సర్పంచ్, ముప్పై ఎకరాల మాగాణికి ఆసామి. నేను ఆ ఇంటి పెద్దకూతుర్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎయిడెడ్ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఇదంతా గొప్ప కోసం రాయడం లేదు. ఇది తెలియకపోతే నా తమ్ముడు ఆ ఆదివారం ఇల్లు ఎందుకు కదిలాడో ఎవరికీ అర్థం కాదు.

మా ఊరి చర్చిలో ప్రసంగ వేదికకు కుడి పక్కన ఒక టేకు కుర్చీ ఉండేది. చేతులున్న కుర్చీ, పేము అల్లిక. మిషన్ దొరగారు తన దేశం వెళ్ళిపోతూ దాన్ని మా ముత్తాతకు ఇచ్చారట. ముత్తాత దాన్ని ఇంటికి తెచ్చుకోకుండా చర్చిలోనే వేయించాడు. అప్పటి నుంచి మా ఇంటి పెద్ద మగవాడు అందులో కూర్చుంటాడు. మిగతావాళ్ళు అప్పట్లో చాపల మీద, తరవాత బెంచీల మీద.

ఏడాదిలో ఒక్క రోజు ఆ కుర్చీకి వేరే పని ఉంటుంది. కోత పండుగ నాడు. వానాకాలపు సార్వా ధాన్యం ఇళ్ళకు చేరాక ఒక ఆదివారం సంఘంలో అందరూ తమ కష్టంలో మొదటి భాగం చర్చికి తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, బాతుగుడ్లు, బకెట్లలో బతికున్న చేపలు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. ముందుగా వచ్చేది వరికంకుల కుచ్చు. దాని మీద మొదటి ధర పలకడం, అంటే మొదటి పాట, మా ఇంటిది. ఆ తరవాత ప్రతి వస్తువూ కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలోకి వచ్చి, ఆయన చేతి మీదుగానే పాడుకున్నవాళ్ళకు వెళుతుంది. అలా అందుకున్నది ఇంటికి కలిసివస్తుందని నమ్మకం. ఆఖరి వస్తువు పోయేదాకా ఆ కుర్చీలోని మనిషి లేవడు. వాన వచ్చినా లేవడు. మా నాన్న ఒక ఏడాది కాలు విరిగి కట్టుతో వచ్చి కూర్చున్నాడు.

ఆ నాన్నే మాగాణి అమ్మి కొల్లేరులో చేపల చెరువులు తవ్వించాడు. సరస్సు హద్దు లోపల ఉన్న గట్లన్నీ ప్రభుత్వం తెగ్గొట్టించిన ఏడు అవి నీళ్ళలో కలిసిపోయాయి. నాన్న ఆ తరవాత ఎక్కువ కాలం బతకలేదు. ఇంటి వెనక భాగం పోయింది. ధాన్యం కొట్లు పోయాయి. చివరికి మాకు మిగిలింది ముందు వసారా, రెండు గదులు, చర్చిలో కుర్చీ.

తమ్ముడు నాకన్నా పదేళ్ళు చిన్న. చేపల మేత అమ్మే కొట్టులో గుమాస్తాగా చేసేవాడు. ఆ కొట్టు మా ఊరి చెరువుల ఆసామిది. ఆయన తండ్రి ఒకప్పుడు మా నాన్న దగ్గర పాలేరు. వారంలో ఆరు రోజులు తమ్ముడు ఆయన ముందు నిలబడేవాడు. ఏడో రోజు ఆయన బెంచీ మీద, తమ్ముడు కుర్చీలో. ఈ లెక్క గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ ఆదివారం పొద్దున తమ్ముడు గంజి పెట్టిన చొక్కా తొడుక్కుంటున్నప్పుడు వాడి వీపు చూస్తే తెలిసేది.

వాడికి మెడ పక్కన గడ్డలు వచ్చాయి. లింఫోమా అన్నారు. మందు పనిచేసే రకమేనని, కీమో పూర్తిగా తీసుకుంటే బయటపడే అవకాశం ఉందని ఏలూరులో డాక్టరు చెప్పారు. మొదటి రెండు కీమోలూ వాంతులతో, జుట్టు రాలడంతో గడిచాయి. గడ్డలు కరిగాయి. మూడోది ఎక్కించిన రోజు అక్కడి నర్సు మమ్మల్ని పక్కకు పిలిచింది. దెందులూరు అమ్మాయి, మాట మెత్తగా ఉంటుంది.

"ఈసారి మందు కొంచెం గట్టిదండీ. వచ్చే వారం తెల్లకణాలు బాగా పడిపోతాయండీ. న్యూట్రోపీనియా అంటాం. అప్పుడు వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదండీ, దయచేసి గుర్తుపెట్టుకోండి" అని, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ఒక్కొక్కటే చెప్పింది. మరదలు రాసుకోవడానికి బ్యాగులో పెన్ను వెతుకుతుంటే తమ్ముడు అడ్డుపడ్డాడు. "మా అక్క ఉండగా కాగితం ఎందుకమ్మా" అన్నాడు.

మా ఇంట్లో ఏదైనా రాసుకోవడం అంటే చిన్నతనం. నాయనమ్మ మమ్మల్ని వసారాలో బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి మతపాఠం ప్రశ్నోత్తరాలు అప్పజెప్పించేది. ప్రశ్న ఆమెది, జవాబు మాది, ఒక్క మాట అటూ ఇటూ కాకూడదు. ఇంటికి వచ్చాక నేను నర్సు చెప్పినదాన్నంతా అలాగే ప్రశ్నలూ జవాబులుగా కట్టాను. రోజూ ఉదయం టిఫిను అయ్యాక అప్పజెప్పించేదాన్ని. తమ్ముడు నాయనమ్మ గొంతు పెట్టి, ఆ పాత భాషలోనే జవాబు చెప్పేవాడు.

"న్యూట్రోఫిల్స్ అనగా ఏమి?"

"తెల్లకణములలో ఒక జాతి. ఎముకల లోపలి మూలుగలో పుట్టును. క్రిములు ఒంటిలోనికి వచ్చినప్పుడు అందరికన్నా ముందుగా ఎదురు వెళ్ళును."

"న్యూట్రోపీనియా అనగా?"

"ఆ జాతి మిక్కిలి తగ్గిపోవుట. ఐదు వందలకు దిగువైతే మిక్కిలి ప్రమాదము."

"ఎందుచేత తగ్గును?"

"కీమో మందు వేగముగా పెరుగు కణములను చంపును. గడ్డలోనివీ చచ్చును, మూలుగలోనివీ చచ్చును. మందునకు మనవాడు పరాయివాడు అను భేదము లేదు."

"తగ్గినట్టు రోగికి ఎట్లు తెలియును?"

"తెలియదు. రక్తపరీక్షకే తెలియును. రోగి మాత్రము ఇడ్లీలు తినుచు, పెళ్ళాము చట్నీకి వంకలు పెట్టుచుండును."

"వంకలు పెట్టండి, చట్నీ మానేస్తాను" అని మరదలు వంటింట్లోంచి కేకేసేది. ఆమెది తాడేపల్లిగూడెం. వాళ్ళ పుట్టింటివాళ్ళు ఉల్లిపాయల మార్కెట్లో వ్యాపారస్తులు. మాట సూటిగా ఉంటుంది.

"జ్వరము ఎంత ఉంటే కదలవలెను?"

"వంద పాయింట్ నాలుగు. తెల్లవారనిమ్ము, భోజనము కానిమ్ము అనరాదు. గంటలోగా నరములోనికి మందు పడవలెను. ఆసుపత్రి గుమ్మములోనే కీమో రోగినని చెప్పవలెను."

"జ్వరం మాత్ర?"

"డాక్టరును అడగక వేసుకొనరాదు. అది జ్వరమును దాచును గాని క్రిమిని చంపదు. ముందు థర్మామీటరు, పిదప ఫోను."

"గాయం దగ్గర ఎర్రదనం, వాపు, చీము లేకపోతే?"

"అయినను నమ్మరాదు. చీము అనగా చచ్చిన తెల్లకణములే. కణములే లేని చోట చీము ఎక్కడ నుండి వచ్చును?"

ఒక్కటీ తప్పేవాడు కాదు. చివర్లో "ఆమేన్" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది, ధైర్యంగా కూడా ఉండేది. మా ఇంటి పిల్లలు నోటికి పట్టింది మరిచిపోరు.

ఇల్లంతా ఆ ప్రశ్నోత్తరాల ప్రకారమే నడిచింది. పచ్చి కూరలు, కోసి అమ్మే పండ్లు ఆపాం. నీళ్ళు కాచి చల్లార్చి ఇచ్చాం. మెత్తటి పళ్ళ బ్రష్షు కొన్నాం. గుమ్మం పక్కన సబ్బు, నీళ్ళు పెట్టాం. వాడు కొట్టుకు వెళ్ళడం మానేశాడు, చేపలనూ చెరువు నీళ్ళనూ ముట్టుకోవడం మానేశాడు. అన్నిటికన్నా కష్టమైంది తలుపు. మా ఇంటి వీధి తలుపు పగలు మూసి ఎరగం. జబ్బుపడిన మనిషిని చూడవచ్చి, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చెయ్యకుండా వెళ్ళే అలవాటు మా సంఘంలో లేదు. నేను తలుపు వేసి, వచ్చినవాళ్ళను వసారాలో నిలబెట్టి కిటికీలోంచి ప్రార్థన చేయించాను. కొందరు మొహం ముడుచుకున్నారు. మా వీధి చివర ముసలావిడ దగ్గుతూ వచ్చి, నేను ఆపితే నా మొహం మీదే అడిగింది.

"ఏమే టీచరమ్మా, మీ ముత్తాత కలరాకే తలుపు వెయ్యలేదు. నువ్వు నా దగ్గుకి వేశావా?"

"వేశానమ్మా. కిటికీ దగ్గర నుంచి చెయ్యి. దేవుడికి వినపడుతుంది" అన్నాను.

"దేవుడికి వినపడుద్ది. మీవాడికి నా చెయ్యి తగలొద్దూ" అని గొణుక్కుంటూనే కిటికీ చువ్వల దగ్గర నిలబడి చాలాసేపు ప్రార్థన చేసింది.

శుక్రవారం ఏలూరు వెళ్ళి రక్తపరీక్ష చేయించాం. న్యూట్రోఫిల్స్ మూడు వందల దగ్గర ఉన్నాయి. మూలుగను లేపే ఇంజెక్షను ఇచ్చారు. జ్వరం లేదు కాబట్టి ఇంటి దగ్గరే జాగ్రత్తగా ఉండమన్నారు, వారంలో మళ్ళీ లేస్తాయన్నారు. తమ్ముడు దారంతా హుషారుగా ఉన్నాడు. కొల్లేరు వంతెన దాటుతుంటే నీళ్ళ మీద గూడబాతులను చూపించి, "అవి చూడక్కా, మన చెరువుల మీద కాపురం పెట్టాయి, అద్దె లేదు, అడ్వాన్సు లేదు" అన్నాడు. వాడు మా పోయిన చెరువుల గురించి నవ్వుతూ మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

శనివారం సాయంత్రం మా పాస్టరుగారు, అయ్యగారు అంటాం, వచ్చారు. ముదినేపల్లి వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. వసారాలోనే చెప్పులు విప్పి, సబ్బుతో చేతులు కడుక్కుని, కిటికీకి దూరంగా కుర్చీ లాక్కున్నారు.

"వందనాలండీ టీచరుగారూ. రేపు కోత పండుగ కదండీ. బాబుగారి ఆరోగ్యం ముఖ్యమండీ, రాకపోతే ఎవరూ ఏమీ అనుకోరండీ."

"మంచిదండీ" అన్నాను.

"కాకపోతే పండుగ నాడు కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని పెద్దలంటున్నారండీ. ఈ ఒక్క ఏడాదికీ ఆసామిగారిని కూర్చోమంటే ఎలా ఉంటుందా అని... మీ అనుమతి లేకుండా చెయ్యకూడదు కదండీ. అందుకని వచ్చానండీ."

నేను జవాబు చెప్పేలోపు లోపల మంచం చప్పుడైంది. తమ్ముడు కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నెత్తి మీద జుట్టు లేదు, మెడ సన్నబడింది, గొంతు మాత్రం నాన్నదే.

"అయ్యగారూ, నేను వస్తానండీ."

అయ్యగారు నా వైపు చూశారు. "ఎందుకండీ బాబుగారూ, శ్రమ..." అన్నారు.

"మొదటి పాట పాడి వచ్చేస్తానండీ."

అయ్యగారు వెళ్ళాక మరదలు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆమె చేతిలో అట్లకాడ ఉంది.

"ఏవండీ, పొద్దున్నే కదా అప్పజెప్పారు, జనంలోకి వెళ్ళరాదని?"

"అప్పజెప్పాను."

"మరి?"

"గంట పని. మాస్కు పెట్టుకుంటాను. దేన్నీ ముట్టుకోను."

"కుర్చీలో ఏముందండీ అంత? మా ఊళ్ళో లక్షల బేరం ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని చేస్తారు. లేచాక ఎవరూ ఆ బస్తా ఎవరిదని అడగరు. వదినగారూ, మీరు చెప్పండి. మీ మాట వింటారు."

నేను వద్దన్నాను. "వద్దురా, ఈ ఏడు ఊరుకో" అన్నాను. ఒకసారే అన్నాను. మా ఇంట్లో ఏ మాటైనా ఒకసారే అంటాం. రెండోసారి అంటే బతిమాలడం అవుతుంది.

తమ్ముడు నా మొహం చూసి, "నువ్వు చొక్కాకి గంజి పెట్టక్కా" అన్నాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. గుమ్మానికి మామిడాకులు, వరికంకులు కట్టారు. వేదిక ముందంతా బుట్టలు, బస్తాలు. ఒక మూల కాళ్ళకు తాడు కట్టిన కోళ్ళు. పక్కనే బకెట్లలో చేపలు నీళ్ళు చిందిస్తున్నాయి. తమ్ముడు మాస్కుతో వచ్చి కుర్చీలో కూర్చోగానే అందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే లేచారు. నేను ఆడవాళ్ళ వైపు రెండో బెంచీలో ఉన్నాను. ఆసామి కూడా లేచాడు. నాకు గుండె నిండిపోయింది. అది దాచడం ఎందుకు?

వరికంకుల కుచ్చు తెచ్చి ముందు పెట్టారు. తమ్ముడు పాట పాడాడు. మాస్కులోంచి వినపడలేదు. వెనక నుంచి ఎవరో, "కాస్త గట్టిగా అండీ" అన్నారు. వాడు మాస్కు కిందికి లాగి మళ్ళీ పాడాడు. చప్పట్లు మోగాయి. మీ నాన్నగారి గొంతే అన్నారు నా పక్కనావిడ.

అప్పుడు లేవాలి. నేను వాడి వైపే చూస్తున్నాను. కాని కుచ్చు పాడుకున్న రైతు చేతులు చాచి ముందు నిలబడ్డాడు. తమ్ముడు కుచ్చు అందుకుని ఆయన చేతిలో పెట్టాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. ఆ వెనకే గుమ్మడికాయ వచ్చింది. తరవాత గుడ్ల బుట్ట. తరవాత కోడిపుంజు.

"బాబుగారి చేతి చలువ కోసమే నాలుగు రూపాయలు ఎక్కువ పాడానండీ" అన్నాడు ఒకడు.

"ఆ పుంజు నిన్ను పొడవకుండా చూసుకో ముందు" అన్నాడు తమ్ముడు. చర్చంతా నవ్వింది.

మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. "లేవమనండి వదినగారూ." ఆఖరి వస్తువు పోకుండా ఆ కుర్చీలోంచి మనిషిని లేపడానికి ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నడిచిన మనిషి మా సంఘంలో లేదు. ఆమె లేవబోయింది. అప్పటికే చేపల వంతు వచ్చింది, జనం మధ్య దారి మూసుకుపోయింది. బకెట్లోంచి జెల్ల చేపను తీసి వాడి చేతికి ఇచ్చారు. జెల్లకు రెక్క దగ్గర ముల్లు ఉంటుంది. కొల్లేరులో పుట్టినవాడికి తెలియనిది కాదు. చేప గింజుకుంది. వాడు చెయ్యి వెనక్కి లాగి, వెంటనే మళ్ళీ పట్టుకుని ఇచ్చేశాడు. వేలు చేతిరుమాలుతో తుడుచుకోవడం చూశాను. ఇంకా సగం సరుకు ఉంది. కొంతసేపటికి ఆసామి భార్య గ్లాసుతో నీళ్ళు, అరచేతిలో మాత్ర పట్టుకెళ్ళి ఇచ్చింది. రోజూ వేసుకునే మాత్రల్లో ఒకటి కాబోలు, ఇంటి నుంచి తెచ్చుకున్నదాన్ని నీళ్ళతో అందివ్వమన్నాడు కాబోలు అనుకున్నాను.

ఆఖరి బస్తా పోయాక లేచాడు. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు.

ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించి, థర్మామీటరు పెట్టాను. తొంభై ఎనిమిదిన్నర. మళ్ళీ పెట్టాను. అంతే. వేలు చూపించమన్నాను. చూపుడు వేలి పక్కన సూది మొన అంత చుక్క. స్పిరిట్‌తో తుడిచాను. ఎరుపు లేదు. వాపు లేదు. నొక్కితే నొప్పి లేదన్నాడు. సాయంత్రం మళ్ళీ చూశాను, అలాగే ఉంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు రక్తకణాల పాఠం చెప్పాను. ఆ పొద్దున కూడా వాడి చేత జవాబు అప్పజెప్పించాను. ఆ వేలు ఎర్రబడలేదని మేమిద్దరం సంతోషించాం. వాడైతే మరదల్ని పిలిచి మరీ చూపించాడు. "చూశావా, మీ ఉల్లిపాయల వాళ్ళకి అన్నిటికీ కళ్ళనీళ్ళే" అన్నాడు. ఆమె నవ్వలేదు.

తెల్లవారేసరికి మంచం వణుకుతోంది. థర్మామీటరు నూట మూడు చూపించింది. మంచు ఇంకా వీడలేదు, ఆటోలు రాలేదు. ఊళ్ళో కారు ఆసామిదే. నేను బట్టలు సర్దుతుండగానే మరదలు ఆయనకు ఫోను చేసింది. నేను చెయ్యలేదు. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే తానే కారు నడుపుకుని వచ్చి, తమ్ముణ్ణి రెండు చేతులతో లేపి వెనక సీట్లో పడుకోబెట్టాడు. ఏలూరు దాకా ఎక్కడా ఆపలేదు.

క్యాజువాల్టీ గుమ్మంలోనే నేను చెప్పాను. "కీమో రోగి. న్యూట్రోఫిల్స్ మూడు వందలు. జ్వరం నూట మూడు." ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. రక్తం తీశారు, నరానికి సూది పెట్టారు, యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆ పని అంతా నేను బట్టీ పట్టించినట్టే జరిగింది. బీపీ మాత్రం అప్పటికే పడిపోతోంది. చిన్న డాక్టరు ఒకామె వంగి అడిగింది.

"ఎప్పటి నుంచి అండీ జ్వరం?"

"పొద్దుట నుంచి" అన్నాను నేను.

"నిన్న చలిగా గానీ, ఒళ్ళు నొప్పులు గానీ అనిపించాయాండీ? మాత్ర ఏమైనా వేసుకున్నారా?"

తమ్ముడు నా వైపు చూశాడు. వసారాలో బాసింపట్టు వేసుకుని జవాబు మరిచిపోయిన పిల్లాడి చూపు అది. అలా వాడు చిన్నప్పుడు కూడా ఎన్నడూ చూడలేదు.

"వేలం మధ్యలో చలేసిందండీ" అన్నాడు. "పారాసిటమాల్ ఉందా అని అడిగితే ఆసామిగారి ఆవిడ ఇచ్చారు. ఇంటికెళ్ళాక పడుకునేముందు ఇంకోటి వేసుకున్నాను. మధ్యలో లేస్తే బాగుండదని..."

డాక్టరు అది రాసుకుంది. జెల్ల ముల్లు గుచ్చుకోకముందే చలి మొదలైందో, తరవాతో నేను అడగలేదు. ఎక్కడ నుంచి వచ్చిందో వాళ్ళూ చెప్పలేదు. ఒంట్లో ఉండే క్రిములు కూడా చాలంటారు ఆ స్థితిలో. ఎక్కడ నుంచి వచ్చినా, మధ్యాహ్నమే చెయ్యాల్సిన పని మర్నాడు చేశాం. థర్మామీటరు చూపించింది జ్వరం లేకపోవడం కాదు, మాత్ర పనిచేయడం.

స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే వాడు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, అది ఎన్నో ప్రశ్న?" అన్నాడు.

"ఊరుకోరా" అన్నాను. వాడితో మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఐసీయూలో ఉంచారు. మందులు మార్చారు. కిడ్నీలు ఆగాయన్నారు, తరవాత ఊపిరి మిషను పెట్టారు. మరదలు బయట బెంచీ మీద కూర్చుని ఎవరు పలకరించినా తల ఊపేది. చివరి రోజు ఉదయం పెద్ద డాక్టరు బయటికి వచ్చి, "కణాలు లేవడం మొదలైందండీ, ఈ పూట రిపోర్టులో వెయ్యి దాటాయి" అన్నారు. ఇంజెక్షను పనిచేసింది. మూలుగ లేచింది. ఆ సాయంత్రం వాడు పోయాడు.

సమాధి దగ్గర ఆసామి పెట్టెకు ముందు పక్క భుజం ఇచ్చాడు. వద్దనడానికి మా ఇంట్లో ఇంకో మగవాడు లేడు. తమ్ముడికి పిల్లలు లేరు.

నెల తరవాత ఆయన మా వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. తమ్ముడికి రావాల్సిన జీతం తెచ్చి మరదలికి ఇచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేను అప్పుడు అడిగాను.

"ఇంక కుర్చీలో మీరు కూర్చోవాలి కదండీ. అయ్యగారు ఆ శనివారమే చెప్పారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదండీ టీచరుగారూ. మీరు ఒప్పుకున్నా కూర్చోనని ఆ రోజే అయ్యగారితో చెప్పానండీ. బాబుగారు ఇంట్లోనే ఉండాలి, మొదటి పాట ఇంట్లోంచి ఫోనులో పాడినా చాలన్నాను. ఆ మాట కూడా చెప్పమన్నానండీ. మీకు చెప్పలేదాండీ?"

అయ్యగారు ఆ మాట చెప్పడానికి నోరు తెరిచే ఉంటారు. తమ్ముడు వస్తానని చెప్పాక ఇంక ఎవరూ ఏమీ చెప్పలేదు. అయ్యగారు బతిమాలలేదు. మేము అడగలేదు.

"మాకు బెంచీ అలవాటైపోయిందండీ. మా నాన్న చాప మీద కూర్చున్నాడు" అని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

నాకు ఇప్పటికీ ఆ ప్రశ్నోత్తరాలు మొదటి నుంచి చివరిదాకా వచ్చు. ఒక్క మాట తప్పకుండా చెప్పగలను. కీమో తీసుకుంటున్నవాళ్ళు మా వైపు ఊళ్ళలో చాలామంది ఉన్నారు. అడిగినవాళ్ళకు చెబుతున్నాను. వాళ్ళు నాలాగే తల ఊపి, నాలాగే నోటికి పట్టి వెళుతున్నారు. ఎవరింట్లో ఏ పండుగ, ఏ కుర్చీ ఉందో నాకు తెలియదు. నోటికి రావడం అలాంటి రోజుకు చాలదని చెప్పడానికి నాకు ప్రశ్న దొరకలేదు.

ఈ ఏడాది కోత పండుగకు కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. వేలం బల్ల మీద నుంచి జరిపారు. పండుగ అయ్యాక అయ్యగారు కుర్చీని ఇంటికి పంపించారు. మా పేర ఉన్నదే, కానుకగా రాసివ్వలేదు. మరదలు పుట్టింటికి వెళ్ళిపోయింది. నన్నూ రమ్మంది, రానన్నాను. ఆమె సామాను తీసుకెళ్ళడానికి తాడేపల్లిగూడెం నుంచి వ్యాను వచ్చినప్పుడు, అక్కడ పాత టేకు సామాను కొనే అతను కూడా దాంట్లోనే వచ్చాడు. నాన్న బీరువా, నాయనమ్మ మంచం, ఆ కుర్చీ అతనికి అమ్మేశాం. పేము పనికిరాదని అక్కడే కోసేసి, కుర్చీని తూకానికి తీసుకున్నాడు.